మీనా ఆంటీ తమ్ముడి టోపీ

ఉతకొద్దన్న వస్తువును ఉతికాను. మీరు అడగకముందే ఒప్పుకుంటున్నాను. మీనా ఆంటీ ఆ చిన్న టోపీ నా చేతిలో పెట్టి, కట్టుకునే తాడు ఊడింది, అది కుట్టు చాలు, ఇంకేమీ చెయ్యకు అని స్పష్టంగా చెప్పింది. ఇంగ్లీషులో చెప్పింది కాబట్టి అర్థం కాలేదని తప్పించుకుందామా అంటే, అంతమాత్రం ఇంగ్లీషు నాకప్పటికే వచ్చు. అర్థమయ్యే చేశాను. నా చేతిపని మీద నాకున్న పొగరు అలాంటిది.

ఇది తొంభై తొమ్మిదో సంవత్సరం సంగతి. మెల్‌బోర్న్‌లో, క్లేటన్‌లో, యూనివర్సిటీకి రెండు వీధుల అవతల ఒక ఇంటి పెరట్లో కట్టిన రెండు గదుల్లో ఉండేవాళ్లం. మా ఆయన నజీముద్దీన్ కంప్యూటర్ మనిషి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ పిచ్చెక్కుతుందని అప్పట్లో లోకమంతా భయం. సంవత్సరాన్ని నాలుగంకెల్లో రాయాల్సింది, చోటు కలిసొస్తుందని ఎప్పుడో ఎవరో రెండే రాశారట. ఇప్పుడు సున్నా సున్నా అని వస్తే అది పంతొమ్మిది వందలో రెండు వేలో మిషన్‌కి తెలియదు. పోయిన ఆ రెండంకెల్ని ఎక్కడికక్కడ పెట్టి రావడానికి మా ఆయన్ని హైదరాబాద్ నుంచి పిలిపించారు. పొద్దున ఏడింటికి రైలెక్కితే మళ్లీ రాత్రి అన్నం వేళకే రావడం. పెళ్లయిన ఆర్నెల్లకు ఇంత దూరం వచ్చింది ఈయన్ని చూసుకోవడానికా, గోడల్ని చూసుకోవడానికా అని నాకు ఒళ్లు మండేది.

ముందింట్లో ఉండే ఆవిడే మా ఇంటి ఓనరు. అసలు పేరు విల్లెమీనా, డెబ్బై ఒక్క ఏళ్లు. యాభై రెండులో హాలెండ్ నుంచి భర్తతో ఓడెక్కి వచ్చిందట. ఆయన పోయి పదేళ్లయింది, పిల్లల్లేరు. వీధిలో అందరూ మీనా అనేవాళ్లు. మన నోటికి తిరిగే పేరు దొరికిందని నేను ఆంటీ తగిలించాను. మా ఊళ్లో కూడా ఇద్దరు మీనాలున్నారని చెబితే ఆవిడ ఎంత సంతోషించిందో.

ఆవిడ నాకు చేసినవి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. రైలు టికెట్టు మిషన్‌లో ఎలా తియ్యాలో నేర్పింది. హలాల్ మాంసం కోసం నెలకు రెండుసార్లు డాండినాంగ్ దాకా తన పాత కారులో తీసుకెళ్లి, నేను కొనుక్కునేదాకా కొట్టు బయట నిలబడేది. జూన్‌లో నాకు జ్వరమొచ్చి మంచమెక్కితే మా ఆయనకు సెలవు దొరకలేదు. ఆవిడే మూడు రోజులు నా దగ్గర కూర్చుంది. వాళ్ల దేశంలో జబ్బు పడినవాళ్లకు బఠానీల సూపు పెడతారు. అందులో పంది మాంసం పడకపోతే అది సూపే కాదట. నా కోసం కొత్త గిన్నె కొనుక్కొచ్చి, మాంసం లేకుండా కాచి తెచ్చి, "ఇది మా సూపు కాదు, నీ సూపు. తాగు" అంది. తాగుతూ ఏడ్చాను. అంత చప్పగా ఉంటే ఏడుపు రాదా అని మా ఆయనతో అన్నాను గానీ, అది అబద్ధం. పరాయి మనిషి నా కోసం కొత్త గిన్నె కొన్నందుకు ఏడ్చాను.

జ్వరం తగ్గాక నాకు కుట్టుపని వచ్చని ఆవిడకు తెలిసింది. మా నాన్న చీరాలలో టోపీలు కుట్టేవాడు. నమాజు టోపీలు, తెల్లవి, సన్న కుట్టువి. మా ఇంట్లో మొదటినుంచీ తెలుగే. నమాజు అరబ్బీలో, పోట్లాటలు తెలుగులో. పండక్కి ముందు నాన్న కుట్టిన టోపీలన్నీ నేనూ అమ్మా ఉతికి, గంజి పెట్టి, బోర్లించిన చెంబుల మీద ఆరేసేవాళ్లం. చెంబు ఆకారం పట్టుకుని టోపీ బిర్రుగా నిలబడేది. గంజి పెట్టని టోపీ మా నాన్న దృష్టిలో టోపీయే కాదు. ఇదంతా చెబితే మీనా ఆంటీ లేచి వెళ్లి అటకమీది కుట్టుమిషన్ దింపించి, నీలాంటి మనిషి కోసమే చూస్తున్నాను అంది.

విషయమేమిటంటే, అక్టోబరులో వాళ్ల డచ్ క్లబ్బులో ఒక ప్రదర్శన పెడుతున్నారు. నూరేళ్లలో డచ్ మగపిల్లలు నెత్తిన ఏమేం పెట్టుకున్నారు అన్నది దాని సంగతి. మెల్‌బోర్న్ చుట్టుపక్కలున్న డచ్ వాళ్లందరూ అటకల మీంచి పాత టోపీలు దింపి పంపుతున్నారు. అవన్నీ చిరిగీ, పురుగులు కొట్టీ ఉన్నాయి. వాటిని బాగుచేసే పని ఆంటీ నెత్తిన వేసుకుంది. నవ్వొచ్చింది నాకు. టోపీల నుంచి తప్పించుకుని సముద్రాలు దాటి వస్తే ఇక్కడా టోపీలే.

అలా రోజూ పదింటికి కాఫీ పెట్టి ఆవిడ పిలిచేది. వంటింటి బల్ల మీద టోపీలు పరుచుకుని కూర్చునేవాళ్లం. ఒక్కో టోపీ ఎత్తి ఒక్కో కథ చెప్పేది. రెండు రిబ్బన్లు వెనక్కి వేలాడే నావికుల టోపీ, ఊళ్లో డబ్బున్నవాళ్ల పిల్లలు ఆదివారాలు పెట్టుకునేది. గడ్డితో అల్లిన టోపీ ఎండాకాలానికి. ముందు చిన్న అంచు ఉన్న బట్ట టోపీ పనివాళ్ల పిల్లలది, వడ్రంగి కొడుకైనా పాలవాడి కొడుకైనా అదే. నల్లటి బొచ్చు టోపీ చేపలు పట్టేవాళ్ల పిల్లలది. గడ్డకట్టిన కాలవల మీద జారుతూ ఆడేటప్పుడు చెవులు కప్పే ఊలు టోపీ అందరిదీ. నెత్తి చూస్తే చాలు తండ్రి ఏం పని చేస్తాడో, ఏ ఊరివాడో చెప్పేసేవాళ్లట. ఆ పద్ధతి యుద్ధం తర్వాత పోయింది, అందరూ ఒకటే రకం బెరే, అంచు లేని మెత్తటి ఊలు టోపీ, పెట్టుకుని తిరిగారట, ఆ తర్వాత అదీ మానేశారు.

ఫ్రాంక్‌స్టన్ నుంచి టోపీ పంపిన ఒక ముసలాయన దాంతోపాటు ఉత్తరం రాశాడు. ఓడ ఆస్ట్రేలియా తీరం చేరుతుంటే, ఇక్కడి పిల్లలు ఇలాంటివి పెట్టుకోరని ఎవరో చెప్పారట. మిగతా అన్నదమ్ములు నలుగురూ టోపీలు సముద్రంలోకి విసిరేశారు. ఈయన ఒక్కడు మాత్రం చొక్కాలో దాచుకున్నాడు. ఇప్పుడు ఆయన మనవళ్లను టోపీ లేకపోతే బళ్లో ఆటకే రానివ్వరట. ఎండకు చర్మం పాడవుతుందని ఇక్కడ అదో గట్టి రూలు. ఆ ఉత్తరం చదివి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

ఇంకొకటి కూడా మాట్లాడుకున్నాం. వాళ్ల మగవాళ్లు దేవుడి ముందు టోపీ తీస్తారు. మావాళ్లు పెడతారు. ఎవరిది మర్యాద అని నేనడిగాను. దేవుడు ఇద్దరి నెత్తులూ చూసే ఉంటాడులే అని ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆవిడ పుట్టింది మార్కెన్ అనే చిన్న దీవిలో. అక్కడ ఆరేడేళ్లు వచ్చేదాకా మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఒకటే బట్టలు, ఇద్దరికీ లంగాలే, ఇద్దరికీ జుట్టు పొడుగే. తేడా అంతా టోపీలో ఉంటుందని చెప్పి, ఎవరో పంపిన ఒక మార్కెన్ టోపీ తిప్పి చూపించింది. వెనకవైపు గుండ్రటి బిళ్లలా ఒక గుడ్డ ముక్క కుట్టి ఉంది. బిళ్ల ఉంటే మగపిల్లాడు, లేకపోతే ఆడపిల్ల. అంతే. నాకు ఇదేమీ వింత అనిపించలేదు. మా తమ్ముడు ఉమర్‌కి ముందు పుట్టిన ఇద్దరు పోయారని, దిష్టి తగలకుండా మా అమ్మ వాడికి మూడేళ్లదాకా గౌను తొడిగి జడ వేసి ఆడపిల్లలా తిప్పింది. ఆ మాట చెప్పగానే ఆంటీ చేతిలో పని ఆపేసి నా వైపు చూసింది. మా దీవిలో కూడా మొదట అదే భయం ఉండేదేమో, కారణం మర్చిపోయి బట్టలు మాత్రం గుర్తుపెట్టుకున్నారేమో అంది.

ఆ తర్వాతే పడగ్గదిలోకి వెళ్లి ఈ టోపీ తెచ్చింది.

ఆవిడకు ఒక తమ్ముడు ఉండేవాడు, డిర్క్. నాలుగేళ్ల వయసులో, ముప్ఫై నాలుగులో, గొంతు జబ్బు చేసి పోయాడు. అప్పటికి ఆవిడకు ఆరేళ్లు. ఫోటో లేదు. ఇంట్లో ఆ తర్వాత వాడి మాట ఎవరూ ఎత్తలేదు. ఆ దేశంలో సమాధికి కూడా గడువుంటుందట, గడువు తీరితే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. కాబట్టి ఇప్పుడు వాడి సమాధీ లేదు. యాభై రెండులో ఓడ దగ్గర వాళ్లమ్మ ఒక్క మాట మాట్లాడకుండా ఈ టోపీ ఆవిడ సంచిలో పెట్టింది. ఆ తల్లీకూతుళ్లు మళ్లీ కలవలేదు.

"వాడు పుట్టాడని చెప్పడానికి లోకంలో ఇదొక్కటే మిగిలింది. నేను పోయేలోగా ఒక్కసారైనా వాడి పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. నలుగురు చదవాలి" అంది ఆంటీ. ప్రదర్శనలో ఈ టోపీ పక్కన పెట్టడానికి అప్పటికే ఒక అట్టముక్క మీద అందంగా రాసి పెట్టుకుంది. డిర్క్, 1930–1934. మొత్తం ఈ టోపీల గొడవంతా ఆవిడ నెత్తిన వేసుకున్నది ఆ ఒక్క అట్టముక్క కోసమని నాకప్పుడు అర్థమైంది.

సరే, టోపీ ఇంటికి తెచ్చుకున్నాను. నా గుప్పెటకన్నా కొంచెం పెద్దది. ఎర్ర పూల గుడ్డ, లోపల తెల్ల నార, వెనక అడ్డంగా వెడల్పాటి నల్ల రిబ్బన్. మట్టి కొట్టుకుపోయి ఉంది. ఆ ఎర్ర పూలు చూస్తే నాకు తెలిసినవే. ఒకప్పుడు ఇండియా నుంచి ఓడల్లో వచ్చిన గుడ్డ, వాళ్ల ముత్తవ్వ దాచుకున్న ముక్క అని ఆంటీ చెప్పింది. చీరాలలో పుట్టినదాన్ని, బందరు అద్దకం నాకు తెలియదా? ఆ గుడ్డ తయారయ్యేదే నీళ్లలో. కాలవలో ఉతికి, ఎండలో ఆరేసి, మళ్లీ ఉతికి రంగు తేలుస్తారు. మావైపు గుడ్డకు మావైపు నీళ్ల సేవ చేస్తే ఏమవుతుంది, మెరుగు తేలుతుంది గానీ అనుకున్నాను. ఇంత మురికి వస్తువు నలుగురి ముందు పెడితే కుట్టిన నాకు నామోషీ కాదా?

తలకని అమ్మ సర్దిపెట్టిన కుంకుడుకాయలు ఉండనే ఉన్నాయి. నురగ తీసి మెల్లగా పిండాను. అన్నం వార్చిన గంజి పలచగా చేసి ముంచాను. స్టీలు గిన్నె బోర్లించి దాని మీద ఆరేశాను. నేననుకున్నట్టే ఎరుపు ఇంత కూడా కారలేదు. నేననుకోనిది, రిబ్బన్ కుట్టిన దారం. అరవై ఐదేళ్ల డచ్ దారం పుచ్చిపోయి ఉంది. రిబ్బన్ ఒక పక్క నుంచి ఊడి గిన్నె మీద వేలాడింది.

రిబ్బన్ కింద గుండ్రంగా ఒక మచ్చ కనిపించింది. చుట్టూ గుడ్డ ఎప్పుడో ఎండకు వెలిసి గులాబీ రంగులోకి దిగింది, ఆ గుండ్రం లోపల మాత్రం ముదురు ఎరుపు. ముందు గంజి మరక అనుకున్నాను. వెలుగులో పెట్టి చూస్తే ఆ గుండ్రం అంచు పొడుగునా సూది రంధ్రాలు, వరసగా, సన్నగా. అక్కడ ఒక బిళ్ల చాలా కాలం ఉండి, తర్వాత తీసేశారన్నమాట. తీసినవాళ్లు లాగి పీకలేదు. ఒక్క రంధ్రమూ సాగలేదు, ఒక్క పోగూ తెగలేదు. కత్తెర మొనతో కుట్టు తర్వాత కుట్టు తెంపారు. ఇలా విప్పే పని చాలా ఓపికున్న చెయ్యే చెయ్యగలదు, లేదా ఆ పని అయిపోకూడదని అనుకున్న చెయ్యి.

అంత చూసినదాన్ని వెంటనే పరిగెత్తి చెప్పాలా వద్దా? చెప్పలేదు. ఇది డిర్క్ టోపీ అని ఆవిడకు తెలిసిందే, కొత్తగా నేను చెప్పేదేముంది, చెబితే ఉతికిన సంగతి బయటపడుతుంది అనుకున్నాను. పాత రంధ్రాల్లోంచే సూది పోనిచ్చి రిబ్బన్ మళ్లీ కుట్టేశాను. తాడు కుట్టాను. మర్నాడు తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ దాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని కాసేపు నిలబడి, థాంక్యూ అని లోపల పెట్టుకుంది. బతికిపోయాను అనుకున్నాను.

గురువారం క్లబ్బు నుంచి బాకర్ గారు వచ్చారు. పేరు వినగానే మావాడే అనుకుని సలాం చెప్పడానికి సిద్ధపడ్డాను. చూస్తే ఆరడుగుల తెల్ల మనిషి, రిటైరైన హెడ్మాస్టరు. టోపీల గురించి ఆయనకు తెలియనిది లేదు. బల్ల చుట్టూ తిరిగి ఒక్కో టోపీ చూసి పుస్తకంలో రాసుకున్నారు. నా కుట్లు చూసి మెచ్చుకున్నారు కూడా. చివరికి డిర్క్ టోపీ చేతిలోకి తీసుకుని, తిప్పి, రిబ్బన్ మీద బొటనవేలితో తడిమారు. మళ్లీ తడిమారు.

ఆయన చాలా మెత్తగా చెప్పారు. దీనికి బిళ్ల లేదు మీనా, రిబ్బన్ కింద కూడా లేదు, ఇది ఆడపిల్ల టోపీ అన్నారు. మీ ఇంట్లో పిల్లలెంతమంది అని అడిగారు. ఇద్దరమే అంది ఆంటీ. అయితే ఇది నీదే అయ్యుంటుంది, మీ అమ్మ నీ టోపీ నీకిచ్చింది, మగపిల్లల వరసలో దీన్ని పెట్టలేం కదా అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఉన్నదే చెప్పారు.

ఆంటీ వాదించలేదు. అట్టముక్క తీసి, రాసిన వైపు కిందికి తిప్పి, చక్కెర గిన్నె కింద పెట్టింది. ఆ మాట నిజమే, నేనెప్పుడూ చూసుకోలేదు, అమ్మ ఇచ్చింది కదా వాడిదే అనుకున్నాను అంది. అప్పుడు టీ కప్పులు కడుగుతూ నేను అక్కడే ఉన్నాను. చెప్పాల్సింది అప్పుడే. పెద్దమనిషి ముందు నా బండారం బయటపెట్టుకోలేక, తడిచేతులు తుడుచుకుంటూ మా గదుల్లోకి వచ్చేశాను.

మర్నాడు పదింటికి కాఫీకి పిలుపు రాలేదు. వంటింటి కిటికీ తెర తియ్యలేదు. గులాబీలకు నీళ్లు పెట్టలేదు. నలభై ఏడేళ్లు తమ్ముడిదనుకుని దాచుకున్నది తన పాత టోపీ అని తెలిస్తే ఏ మనిషైనా లేచి గులాబీలకు నీళ్లెలా పెడుతుంది? వాడు రెండోసారి పోయినట్టే కదా. ఆ రెండోసారి పోనిచ్చింది నేను.

అన్నం దగ్గర మా ఆయనకు మొత్తం చెప్పాను. చెబుతూ చెబుతూ ఆయన మీదే విసుక్కున్నాను, మీరు ఆఫీసుకి పోకుండా ఇంట్లో ఉంటే ఇదంతా జరిగేది కాదని. ఆయన ఎప్పటిలాగే నా విసుగంతా అయ్యేదాకా ముద్ద కలుపుకుంటూ కూర్చున్నారు.

"నాకు భయమేస్తుందండీ. ఒక్క మాట చెప్పింది ఆంటీ, అదీ వినలేదు నేను. పొమ్మంటే ఎక్కడికి పోతాం" అన్నాను.

"పొమ్మంటే పోదాం. క్లేటన్‌లో ఇళ్లకేం కరువు? డిసెంబర్ తర్వాత నా కాంట్రాక్టే ఉంటదో లేదో తెల్వదు, ఇంక ఇంటి గురించి టెన్షన్ ఎందుకు" అన్నారు. తర్వాత ప్లేట్లోంచి తలెత్తి, "కానీ షెహజాదీ, నువ్వు చెప్పకపోతే ఆవిడ మిగిలిన లైఫంతా రాంగ్ డేటాతో బతుకుతది. కరెక్ట్ డేటా నీ ఒక్కదాని దగ్గరే ఉంది" అన్నారు.

ఆయనకు తెలిసిన భాషలో చెప్పారు. నాకు సరిపోయింది.

శనివారం పొద్దున నేనే వెళ్లి తలుపు కొట్టాను. ఆవిడ మొహం వాచి ఉంది. టోపీ ఒక్కసారి ఇవ్వండి అన్నాను. ఏమీ అడక్కుండా తెచ్చి బల్ల మీద పెట్టింది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. "ఆంటీ, మీరు వద్దన్నారు, అయినా నేను దీన్ని ఉతికాను. గంజి పెట్టాను. రిబ్బన్ ఊడిపోతే మీకు చెప్పకుండా మళ్లీ కుట్టాను. తప్పు నాది. మీరు ఎన్ని తిట్టినా పడతాను, కానీ ముందు ఇది చూడండి." చిన్న కత్తెర తెచ్చుకున్నాను. నేను వేసిన కుట్లే తెంపి రిబ్బన్ తీసి, టోపీ వెనక భాగం ఆవిడ వైపు తిప్పాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. ఎర్రటి గుండ్రం చూసింది. నేను రంధ్రాలు చూపించాను. ఇక్కడ బిళ్ల ఉండేదనీ, ఏళ్ల తరబడి ఉంది కాబట్టే కింద రంగు వెలవలేదనీ, తర్వాత ఎవరో చాలా జాగ్రత్తగా విప్పి, ఆ చోటు కనపడకుండా రిబ్బన్ వేశారనీ నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఇది మగపిల్లాడి టోపీ ఆంటీ, డిర్క్‌దే, మీ అమ్మ మీకు సరైనదే ఇచ్చింది అన్నాను.

ఆవిడ వేలు ఆ గుండ్రం అంచు చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంకోసారి తిరిగింది. "నువ్వు ఉతికావని నాకు తెలుసు. అన్నం వాసన వచ్చింది" అంది. మరి ఎందుకు అడగలేదంటే, "పసిపిల్లల బట్ట ఉతికినట్టు ఉతికావు. దానికేమని కోప్పడను" అంది. ఆ మాటకు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తిడితే బాగుండేది. తిట్లకైతే నేను మాటకు మాట చెప్పగలను.

అప్పుడు ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. అది చెప్పేటప్పుడు నన్ను చూడలేదు, టోపీని చూస్తూనే చెప్పింది.

"వాణ్ణి పెట్టెలో పెట్టే ముందు అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఏదో విప్పుతోంది. కత్తెర చప్పుడు గుర్తుంది నాకు. తర్వాత లేచి వెళ్లి వాడి గుప్పెట్లో ఏదో పెట్టి వేళ్లు మూసింది. ఏమిటమ్మా అని అడిగాను. బయటికి వెళ్లి నాన్న దగ్గర ఉండు అంది. ఆ రోజు నుంచి ఆలోచిస్తున్నాను, పిప్పరమెంటేమో, గవ్వేమో, చిన్న బొమ్మేమో అని. అరవై ఐదేళ్లు ఆలోచించాను షెహజాది."

మళ్లీ ఆ గుండ్రం మీద వేలు పెట్టింది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. తర్వాత ఆవిడ లేచి మొహం కడుక్కుని, కాఫీ పెట్టి, బాకర్ గారికి ఫోన్ చేసింది. ఆయన గంటలో వచ్చారు. భూతద్దం తెచ్చుకున్నారు. రంధ్రాలన్నీ చూసి, చక్కెర గిన్నె కింది నుంచి అట్టముక్క తీసి, రాసిన వైపు పైకి తిప్పి ఆవిడ చేతిలో పెట్టి, నన్ను క్షమించు మీనా అన్నారు. నా వైపు తిరిగి, నలభై ఏళ్లుగా ఈ టోపీలు చూస్తున్నాను, రిబ్బన్ విప్పి చూడాలని నాకు తట్టలేదు అన్నారు. నాకూ తట్టలేదండీ, దానంతటదే ఊడిందని నిజం చెప్పేశాను.

అక్టోబరులో ప్రదర్శన జరిగింది. మగపిల్లల టోపీల వరసలో, నావికుల టోపీకీ బొచ్చు టోపీకీ మధ్య, డిర్క్ టోపీ పెట్టారు. మిగతా టోపీలన్నీ మనుషుల వైపు ముందు భాగం పెట్టి ఉన్నాయి, ఇది మాత్రం వెనక్కి తిరిగి ఉంది. రిబ్బన్ మళ్లీ కుట్టనివ్వలేదు ఆంటీ. అట్టముక్క మీది పేరు నలుగురేమిటి, నాలుగొందల మంది చదివారు. ఆవిడ నీలం గౌను వేసుకుని ఆ టోపీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చిన ప్రతి మనిషికీ, ఇది మా తమ్ముడు డిర్క్‌ది అని చెప్పింది. ఆ వెంటనే, ఈ అమ్మాయి షెహజాది, వాణ్ణి కనిపెట్టింది ఈ అమ్మాయే అని నన్ను ముందుకు లాగింది. ఒక చెయ్యరాని పని చేసి నేను ఇంత గౌరవం పొందడం అదే మొదలు, అదే ఆఖరు. ఏ దేశానికైనా కొత్తగా వెళ్లినవాళ్లకు అలాంటి మనిషి ఒక్కరు దొరికితే చాలు, ఇంక ఆ దేశం మీద ఎప్పుడూ కోపం రాదు. నాకు ఈ రోజుకీ రాదు.

సాయంత్రం ఆవిడ కారులోనే తిరిగొస్తున్నాం. మా వీధి మలుపులో ఆవిడ కారు పక్కకి ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదురుగా రోడ్డునే చూస్తూ అంది.

"వాణ్ణి లంగాలోనే పూడ్చారు. ప్యాంటు తొడిగే వయసు రాలేదు కదా. అమ్మ వేరే టోపీ పెట్టింది వాడికి, మామూలు తెల్లది. అందుకే ఆ బిళ్ల విప్పి చేతిలో పెట్టింది. అక్కడ వాణ్ణి చూసి ఎవరూ ఆడపిల్ల అనుకోకూడదని."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి ఆవిడే కారు తీసింది. ఇంటికి రాగానే మొహం, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని నమాజుకి నిలబడ్డాను. అయ్యాక చేతులెత్తి, మా అమ్మానాన్నల కోసం, మా ఆయన కాంట్రాక్టు కోసం, మీనా ఆంటీ ఆరోగ్యం కోసం అడిగి, చివర్న డిర్క్ పేరు చెప్పాను. నాలుగేళ్లవాడని చెప్పాను. లంగాలో ఉన్నా మగపిల్లాడే అని కూడా చెప్పాను, ఎందుకైనా మంచిదని.